నా కూతురి చెవులు, ఒక సువార్త

మేము వెళ్ళే ప్రార్థన మందిరం యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో, ప్లాస్టిక్ సామాన్ల దుకాణం పైన ఉన్న ఒక హాలు. ఆదివారం పొద్దున మెట్ల మీద పేర్చిన బకెట్లను పక్కకు జరుపుకుంటూ పైకెక్కాలి. రైలు వచ్చినప్పుడు మా పాస్టరయ్యగారు ప్రసంగం ఆపేస్తారు. బైబిలు అలాగే తెరిచి పట్టుకుని, రైలు పూర్తిగా వెళ్ళేదాకా నిలబడి, ఎక్కడ ఆపారో ఆ మాట దగ్గరే మళ్ళీ అందుకుంటారు. ఆయన బోధ కూడా అలాగే నడుస్తుంది. ఒక పుస్తకం మొదలుపెట్టారంటే అధ్యాయం వెనక అధ్యాయం, వచనం వెనక వచనం, ఏడాది దాటినా అందులోనే ఉంటారు. కేకలుండవు, కన్నీళ్ళుండవు. చాలాకాలం నాకు ఆ ప్రసంగాలు ఉప్పు లేని పప్పులా ఉండేవి.

నేను కోస్తాలో, విశ్వాసుల ఇంట్లో పుట్టాను. మా ఆయనకు ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం రావడంతో పెళ్ళైన కొత్తలోనే పాతబస్తీకి వచ్చాం. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. చిన్నప్పటి సండేస్కూలు కథలన్నీ నాకు నోటికి వచ్చు. కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతాను. దాంతో వాక్యం నాకు తెలుసనే అనుకునేదాన్ని. నిజానికి ఒక్క సువార్తనైనా మొదటి నుంచి చివరి దాకా ఎప్పుడూ చదవలేదు. ఇక్కడో వచనం, అక్కడో వచనం, క్యాలెండరు మీద అచ్చువేసినవి, గోడకు తగిలించినవి. అవే నా తిండి.

మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. అది మాకు అర్థమయ్యేసరికి పాపకు ఏడాదిన్నర వచ్చింది. డాక్టర్ల చుట్టూ తిరిగాం, మిషన్లు పెట్టి చూశాం. వాటితో పెద్దగా లాభం లేదని తేలాక బధిరుల బడిలో చేర్పించాం. అక్కడ పాప సైగల భాష నేర్చుకుంది, పాపతో పాటు మేమూ నేర్చుకున్నాం. మా ఆయన వేళ్ళు లావుగా, మొరటుగా ఉంటాయి. ఆయన 'పాలు' అనబోతే 'గడియారం' అయ్యేది, పాప పడీపడీ నవ్వేది. పక్కింటి ఆపా కూడా మాతో పాటే నేర్చుకుంది. తరతరాలుగా ఆ గల్లీలోనే ఉంటున్న ముస్లిం కుటుంబం వాళ్ళది. ఆమె కూతురూ మా అమ్మాయీ ఈడువాళ్ళు. వాళ్ళిద్దరూ గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి చేతులతో గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవారు. ఆ గల్లీలో మా ఇంటంత నిశ్శబ్దంగా లొల్లి జరిగే ఇల్లు మరొకటి లేదు.

అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు మా సంఘానికి ఒక బ్రదర్ వచ్చాడు.

ముప్పై దాటి ఉంటాయేమో. మంచి గొంతు, కీబోర్డు బాగా వాయించేవాడు. ఒకసారి పరిచయమైతే మన పేరే కాదు, మన పిల్లల పేర్లూ, వాళ్ళకొచ్చిన జ్వరాలూ గుర్తుపెట్టుకునేవాడు. ఎవరికైనా బాగోలేదంటే ఎండలో నడిచి మరీ వెళ్ళి పరామర్శించేవాడు. అతన్ని మోసగాడని నేను ఇప్పుడు కూడా అనను. తను చెప్పేది తాను నమ్మాడనే అనుకుంటాను. మా సంఘంలో ఒక అక్క తన ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నాలు ప్రార్థన పెట్టించింది. బడి నుంచి వచ్చేటప్పుడు అటు వెళ్ళడం నాకు అలవాటైంది. ఆ ఇంట్లో పాటలుండేవి, కన్నీళ్ళుండేవి. అతను కళ్ళు మూసుకుని ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, వాళ్ళ మనసులో ఉన్నది చెబుతున్నట్టే మాట్లాడేవాడు. ఆదివారం దొరకనిది ఏదో అక్కడ దొరుకుతోందనిపించేది.

కొన్ని వారాలకు అతని మాట మెల్లగా ఒక వైపుకు మళ్ళింది. ప్రతి ఇంట్లో ఒక శాపం ఉంటుందట. తాతల నుంచి, అమ్మమ్మల నుంచి రక్తంలో దిగి వస్తుందట. దాన్ని గుర్తుపట్టే వరం కొందరికే ఉంటుందట. ఒకామెకు అల్లుడి కోపం శాపం, ఇంకొకామెకు మోకాళ్ళ నొప్పి శాపం. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఒక శుక్రవారం అమ్మాయికి బడి లేకపోతే వెంట తీసుకెళ్ళాను. నా పక్కనే చాప మీద కూర్చుంది. బ్రదర్ ఒక సువార్తలోంచి చదివాడు. ఒక తండ్రి తన కొడుకును యేసు దగ్గరకు తెస్తాడు. వాడిలో ఉన్న ఆత్మ వాణ్ణి నిప్పుల్లో, నీళ్ళలో పడేస్తుంటుంది. ఆ ఆత్మను యేసు మూగదనీ చెవిటిదనీ పిలిచి గద్దిస్తాడు. చదవడం అయ్యాక బ్రదర్ బైబిలు మూసి, వేలెత్తి నా కూతురిని చూపించాడు.

"ఈ బిడ్డకు ఉన్నది చెవుల జబ్బు కాదు సిస్టర్. లోపల దయ్యం ఉంది. మీ ఇద్దరిలో ఎవరో ఒకరి వంశం నుంచి వచ్చింది. అది పోవాలంటే ముందు మీరు దానికి లొంగడం మానాలి."

"అంటే ఏం చెయ్యాలి బ్రదర్?" అన్నాను.

"ఈ చేతుల భాష ఆపెయ్యండి. సైగలు చేసిన ప్రతిసారీ ఆ ఆత్మకు సరే అని ఒప్పుకున్నట్టే. నోరు తెరుచుకునేదాకా ఇంట్లో ఎవరూ సైగ చెయ్యొద్దు. పక్కింటి వాళ్ళ ఇంట్లోంచి వచ్చే తిండి కూడా ముట్టొద్దు. ఉపవాసముండి ప్రార్థిద్దాం."

ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళంతా "ఆమేన్" అన్నారు. కొందరు జాలిగా పాప వైపు చూశారు. వినపడదు కదా అని ఎవరూ గొంతు తగ్గించలేదు.

ఇంటికి వచ్చాక నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. వాళ్ళ బడిలో మాట్లాడేవాళ్ళ పెదాలు చూసి మాట పట్టడం కూడా నేర్పుతారు. అన్నీ అందవు, కొన్ని అందుతాయి. అది రెండు చూపుడు వేళ్ళూ తల మీద కొమ్ముల్లా పెట్టింది. తర్వాత ఒక చేత్తో తన గుండెను చూపించి, కనుబొమలు ఎత్తి నన్ను చూసింది.

దయ్యం, నా లోపలా?

నేను కత్తిపీట పక్కన పెట్టేశాను. లేదని సైగ చేశాను. కానీ ఆ సైగ చేయడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణాన్ని అది చూసేసింది. మాటలు వినేవాళ్ళకన్నా కళ్ళతో వినేవాళ్ళకు అలాంటి క్షణాలు బాగా దొరుకుతాయి.

సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయన ముఖం ఎర్రబడింది.

"అందరి ముందూ అన్నాడా? దాని ముందే అన్నాడా?"

"వాక్యం చూపించే అన్నాడండీ. అందులో ఉంది."

"ఉంటే ఉండనీ. నా కూతురితో మాట్లాడొద్దని చెప్పడానికి వాడెవడు?"

ఆయనకు కోపం ఉంది, జవాబు లేదు. నాకు కోపం కూడా లేదు, భయం ఒక్కటే ఉంది. అతను చదివింది నిజంగా గ్రంథంలో ఉన్నదే. కాదంటే వాక్యాన్నే కాదన్నట్టు అవుతుందేమో. ఔనంటే నా బిడ్డ చేతులు కట్టేసినట్టు అవుతుంది. ఆ తర్వాత అమ్మాయి ఎవరితోనూ సైగ చెయ్యలేదు. మేము ఆపమనలేదు, తనే ఆపేసింది. తిండి కావాలంటే గిన్నె తెచ్చి ముందు పెట్టేది. పక్కింటి ఆపా గోడ మీంచి పిలిచింది.

"ఏమైంది, పోరి గోడ కాడికి రాలే? మా దానితో లడాయి అయిందా ఏంది?"

"లేదాపా, ఒంట్లో బాగోలేదు" అన్నాను.

"బుఖారా, జరమొచ్చిందా? చెయ్యి పట్టుకొని చూస్తనన్నా దగ్గరికి రానిస్తలే. మస్తు బాధల ఉంది పోరి. అడుగు దాన్ని" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు బడి అయ్యాక అయ్యగారి ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నారు. జరిగిందంతా చెప్పాను. ఆ బ్రదర్‌ను తిడతారని, ఒక మాటతో నా భయం తీసేస్తారని ఎదురుచూశాను. ఆయన దారం తెంపి, సూదిని చొక్కాకే గుచ్చి పెట్టారు.

"ఆయన సదివింది ఉన్న వాక్యమే బిడ్డా. లేదని నేనెట్ల అంట?"

"అయితే నా కూతురిలో..."

"నేను గట్ల కూడ అనలే. నువ్వు ఒక పని చెయ్యి. ఆ సువార్తనే పట్టుకొని మొదటికెళ్ళి సదువు. ఆ ఒక్క ముక్క కాదు, మొత్తం. తొందర పడకు. సదివినంక రా, మాట్లాడుదాం."

"మీరే చెప్పొచ్చు కదా అయ్యగారూ."

"చెప్తే నా మాట నమ్మి పోతవ్. రేపు ఇంకొకాయనొచ్చి ఇంకోటి చెప్తడు, ఆయన మాట నమ్ముతవ్. ఎన్ని దినాలు గిట్ల ఎవరో ఒకరు తినిపిస్తే తింటవ్? పండ్లొచ్చినయ్ గద, నమిలి తినాలె."

నవ్వుతూనే అన్నారు. దారిలో ఆ మాట నాకు కాస్త గుచ్చుకుంది. తెలుగు పంతులమ్మను నేను. పరీక్ష పేపర్లలో సందర్భం రాయమంటే పిల్లలు ముందూ వెనకా చూడకుండా తోచింది రాసేస్తారు. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, 'ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు?' అని రాసేదాన్ని. అదే ప్రశ్నను వాక్యం ముందు పెట్టాలని ఇన్నేళ్ళలో నాకు తోచనే లేదు.

ఆ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాను. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కథలా చదివాను. నాకు తెలుసనుకున్న సంగతులే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే మాత్రం కొత్తగా ఉన్నాయి. ఎవరు వచ్చినా యేసు ఒకే మందు ఇచ్చి పంపలేదు. జ్వరంతో పడుకున్న ముసలామెను చెయ్యి పట్టుకుని లేపాడు. కుష్ఠురోగిని ముట్టుకున్నాడు. దయ్యాలు పట్టినవాళ్ళ దగ్గర దయ్యాలతోనే మాట్లాడాడు. రోగుల దగ్గర రోగులతో మాట్లాడాడు. రాసినవాడు ఆ రెండింటినీ విడివిడిగానే రాశాడు.

బ్రదర్ చదివిన ఆ కొడుకు కథ ఇంకా రాకముందే, రెండు అధ్యాయాల ముందు, ఇంకొక చెవిటివాడు ఎదురయ్యాడు.

ఆ భాగం చిన్నప్పుడు విన్నదే అయి ఉంటుంది. గుర్తు లేదు. వినపడని, మాట సరిగా రాని మనిషిని కొందరు తీసుకొస్తారు. యేసు అతన్ని జనంలోంచి పక్కకు తీసుకెళతాడు. అందరి ముందూ ఏమీ చెయ్యడు. తన వేళ్ళు అతని చెవుల్లో పెడతాడు. నాలుకను ముట్టుకుంటాడు. ఆకాశం వైపు చూస్తాడు, నిట్టూరుస్తాడు. అప్పుడు తెరుచుకొమ్మంటాడు. అంతే. ఆ కథలో ఎక్కడా దయ్యం లేదు. శాపం లేదు. ఇతని తాత ఏం చేశాడని ఎవరూ అడగలేదు.

మళ్ళీ చదివాను. ఈసారి నా కళ్ళు చేతుల దగ్గర ఆగిపోయాయి. చెవులు చూపించాడు, నాలుక చూపించాడు, పైకి చూపించాడు. వినపడని మనిషికి తాను ఏం చేయబోతున్నాడో ముందే అర్థమయ్యేలా చెప్పాడు. మా ఇంట్లో మేము రోజూ మాట్లాడుకునేది అలాగే.

అమ్మాయిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆ కథను సైగలతో చెప్పాను. జనం, ఆ మనిషి, పక్కకు తీసుకెళ్ళడం, చెవుల్లో వేళ్ళు. అది కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. అయ్యాక ఇన్ని రోజులుగా కదలని దాని చేతులు కదిలాయి.

ఆయనకు సైగలు వచ్చా?

వచ్చినట్టే ఉంది, అన్నాను.

వెంటనే రెండో ప్రశ్న వచ్చింది. మరి నాకెందుకు తెరవలేదు?

ఈసారి నేను ఆలస్యం చెయ్యలేదు. తెలియదు అన్నాను. తెలియదని చెప్పడానికి నాకు భయం వెయ్యలేదు. అడుగుదాం, అడగడం తప్పు కాదు. తెరిచినా తెరవకపోయినా నీలో దయ్యం లేదు. అది నాకు తెలుసు, అని చెప్పాను. అది సరేనని తలూపి, గోడ దగ్గరకు వెళ్ళిపోయింది. ఆపా కూతురిని పిలవడానికి గోడ మీద అరచేత్తో దబదబా కొట్టిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఎప్పుడూ కసురుకునేదాన్ని, ఆ రోజు కొట్టనిచ్చాను.

అయ్యగారికి చెబితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చేతుల సంగతి నాకెప్పుడూ కనబడలే బిడ్డా. ఎన్నిసార్లు ప్రసంగం చేసిన దాని మీద!" అన్నారు. తర్వాత పుట్టు గుడ్డివాడి సంగతి ఎత్తారు. పాపం ఎవరిది, ఇతనిదా, కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు యేసు. సండేస్కూల్లో నేను బహుమతి తెచ్చుకున్న కథ అది. ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది, అవసరమైన రోజున చేతికి అందలేదు.

"మరి ఆ కొడుకు కథో?" అని అడిగాను.

"అది కూడ నిజమే. ఆ పిల్లగానిది గా తీరు, ఈయనది ఈ తీరు. ఆయన ఎవరిని వాళ్ళ లెక్కనే చూసిండు. మనం ఒక ముక్క పట్టుకొని అందరి నెత్తిన కొడితే అది బోధ కాదు."

శుక్రవారం మళ్ళీ ఆ అక్క ఇంటికి వెళ్ళాను. పోట్లాడాలని కాదు, ఊరుకుంటే నా పక్కన చాప మీద కూర్చున్న మిగతా తల్లుల మాటేమిటని. ప్రార్థన ముగిశాక బ్రదర్‌ను అడిగాను.

"బ్రదర్, మీరు చదివిన కథకు రెండు అధ్యాయాల ముందు ఇంకొక చెవిటివాడున్నాడు. అతనిలో దయ్యం ఉందని రాసి లేదు. యేసు అతనితో చేతులతోనే చెప్పాడు. మా ఇంట్లో సైగలు ఆపమని ఏ వాక్యం చెబుతుందో చూపిస్తారా?"

అతను నవ్వాడు. "సిస్టర్, వాక్యాన్ని బుర్రతో చదవకూడదు. ఆత్మతో చదవాలి. నాకు ప్రభువు బయలుపరిచింది మీకు పుస్తకంలో దొరకదు."

"పుస్తకంలో దొరకనిది నా బిడ్డ మీద పెట్టకండి."

అతని ముఖంలో నవ్వు పోయింది. "అనుమానం కూడా ఒక ఆత్మే సిస్టర్. జాగ్రత్త" అన్నాడు. ఇంటి అక్క నా చెయ్యి పట్టుకుని, "చెల్లె, దైవజనునికి ఎదురు మాట్లాడకు" అంది. ఆమె భయం నిజమైనదే, వారం క్రితం నాదీ అదే. "ఎదురు కాదక్కా, అడుగుతున్నా" అని చెప్పి వచ్చేశాను. చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. వీధిలోకి వచ్చాక ఎందుకో ఆకలేసింది. దారిలో ఇరానీ హోటల్ నుంచి ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకుని ఇంటికెళ్ళాను.

ఆ తర్వాత అంతా ఒక్కసారిగా సర్దుకోలేదు. నాలుగు కుటుంబాలు సంఘం వదిలి ఆ బ్రదర్‌తో వెళ్ళాయి. ఇంటి అక్క చాలా నెలలు నాతో మాట్లాడలేదు, పత్తర్‌గట్టిలో బట్టల కొట్టు దగ్గర ఎదురుపడితే తల తిప్పుకుంది. కొంతకాలానికి అతను నగరంలో ఇంకో వైపుకు మకాం మార్చాడని విన్నాం. అయ్యగారు అతని గురించి ఒక్క మాట తేలిగ్గా అనలేదు. వెళ్ళినవాళ్ళ పేర్లు మాత్రం ప్రతి ఆదివారం ప్రార్థనలో చెప్పేవారు. ఒక ఉగాది దాటాక అక్క మెట్లెక్కి వచ్చి వెనక వరసలో కూర్చుంది. నేను లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. పాట మొదలైతే ఒకే పుస్తకంలో చూసి పాడాం.

ఆ ఏడే ఆదివారం భోజనాలయ్యాక ఆడవాళ్ళం కొందరం కలిసి చదవడం మొదలుపెట్టాం. ఎవరూ బోధించరు. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు అడుగుతారు. ఎవరు అన్నారు, ఎవరితో, దానికి ముందు ఏం జరిగింది. అక్కకు చదవడం సరిగా రాదు గానీ అడగడంలో మా అందరికన్నా ముందుంటుంది. ఫోన్లలో ఎన్నో వీడియోలు వస్తుంటాయి. ఫలానా నూనె, ఫలానా తేదీ, ఫలానా కల. అక్క వాటిని తెచ్చి నా ముందు పెట్టి, "ఇది యాడుంది, సూపియ్" అంటుంది. దొరికితే చదువుతాం, దొరక్కపోతే నవ్వుకుని వదిలేస్తాం.

అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. బాప్తిస్మం తీసుకుంటానని తనే అడిగింది. ఆ రోజు అయ్యగారు ప్రశ్నలన్నీ సైగల్లోనే అడిగారు. వారం రోజులు మా ఇంటికి వచ్చి మా ఆయన దగ్గర నేర్చుకున్నారు, అందువల్ల ఒకటి రెండు తప్పులు అలాగే దిగాయి. అది నీళ్ళలో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయింది.

మొన్నీమధ్య ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగంలో తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురని అన్నారు. మధ్యాహ్నం మేము ఆ భాగమే చదివితే ముగ్గురని ఎక్కడా లేదు. కానుకలు మూడు, అంతే. చిన్న సంగతే. అయినా అక్క నన్ను మోచేత్తో పొడిచింది. వెళ్ళి చెప్పాను. ఆయన బైబిలు తీసి, వేలితో వరస వెంబడి చూసుకుంటూ పోయి, తల గోక్కున్నారు.

"నలభై ఏండ్ల సంది ముగ్గురనే చెప్తున్న బిడ్డా!"

తర్వాతి ఆదివారం ప్రసంగం మొదలుపెట్టే ముందే అందరి ముందూ ఆ మాట సరిదిద్దుకున్నారు. నేను చెప్పానని కూడా చెప్పారు. ఆయన ముఖంలో నామోషీ ఏమీ లేదు. పిల్లలు తన కన్నా ఎత్తు పెరిగినప్పుడు తండ్రికి ఉండే సంతోషం లాంటిది ఉంది. మా ఆయన ఆ మాటను సైగల్లోకి మార్చి అమ్మాయికి చెప్పబోతే, అది అప్పటికే అయ్యగారి పెదాలు చదివేసి నా వైపు చూసి కన్ను గీటింది. ఆ రోజు సంఘ భోజనంలో బగారా అన్నం, దాల్చా. రెండోసారి పెట్టించుకుని, గోడకు ఆనుకుని, తీరిగ్గా తిన్నాను.